మూలం మారితే భాగం మారాలా?

సూరత్ నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు మగ్గాన్ని గురించి ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు. తెలంగాణ జిల్లాల నుండి వలస వచ్చిన చేనేత కుటుంబాలు లింబాయత్ మొదలైన ప్రాంతాలలో నివసిస్తూ దశాబ్దాలుగా ఈ నగరపు వస్త్ర పరిశ్రమకు చేదోడుగా నిలిచినవి. జకార్డు మగ్గంపై పూలంచు చీర దిగాలంటే ముందుగా గ్రాఫు కాగితంపై గడి గడికీ రంగు నింపి పువ్వును వేస్తారు. ఆ గ్రాఫును చూచి అట్టలకు రంధ్రాలు కొడతారు. పేక పడే ప్రతిసారీ ఏ పడుగు దారం పైకి లేవాలో, ఏది కింద ఉండాలో ఆ రంధ్రాలే నిర్ణయిస్తాయి. గ్రాఫు నుండి అట్ట, అట్ట నుండి చీర, ఇదీ వరుస.

ఇప్పుడొక ప్రశ్న. గ్రాఫులో పువ్వుకు ఒక రేకు పెంచితే ఏమవుతుంది? అట్టలు వాటంతట అవి మారవు, తిరిగి కొట్టవలసినదే. అట్టలు మార్చినంత మాత్రాన నిన్న నేసిన చీర మీద కొత్త రేకు మొలవదు. నేటి ఎలక్ట్రానిక్ జకార్డులలో అట్టల స్థానాన్ని కంప్యూటర్ ఫైలు ఆక్రమించినది గాని, ఈ మూడు మెట్ల సంబంధం మాత్రం అలాగే ఉన్నది.

మన ఇంజనీరింగ్ విభాగాలలో నిత్యం వాడుకలో ఉన్న క్యాడ్, అనగా కంప్యూటర్ సహాయంతో యంత్రభాగాలకు రూపకల్పన చేసే విధానంలో ఎదురయ్యే సమస్య కూడా ఇదే. అందులో మొదటి రెండు మెట్ల మధ్య సంబంధాన్ని కంప్యూటర్ తానే చూసుకుంటుంది. మూడవ మెట్టు లోహం. దానిని కంప్యూటర్ చూడలేదు. కావున భాగాల మధ్య లింకును ఎంతవరకు ఉంచాలి, ఎప్పుడు తెంచాలి అన్న నిర్ణయం మనిషి చేయవలసినదే. డిజైను విభాగంలో పనిచేసేవారికే గాక, ఆ డ్రాయింగులను నమ్ముకొని వర్క్‌షాపులోనూ, స్టోర్సులోనూ, మెయింటెనెన్సులోనూ పనిచేసే వారందరికీ ఈ విషయం తెలిసి ఉండడం మేలు.

లింకు పుట్టుక

ఈ భావన కొత్తది కాదు. 1963లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఐవాన్ సదర్లాండ్ అనే పరిశోధకుడు తన సిద్ధాంత వ్యాసంలో భాగంగా స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రామును రూపొందించినాడు. తెరపై ఒక మూల చిత్రాన్ని గీసి, దానికి ఎన్ని ప్రతిరూపాలనైనా పెట్టుకొనే వీలు అందులో ఉండేది. మూల చిత్రాన్ని సవరిస్తే ప్రతిరూపాలన్నీ వెంటనే సవరింపబడేవి. నేటి క్యాడ్ అసెంబ్లీలన్నిటికీ పునాది ఈ ఆలోచనే. ఆ తరువాత 1980 దశకం చివరలో ప్రో ఇంజనీర్, 1995లో సాలిడ్‌వర్క్స్, 1999లో ఇన్వెంటర్ వంటి సాఫ్ట్‌వేర్లు దీనిని సామాన్య ఇంజనీరు బల్ల మీదికి తెచ్చినవి.

అసెంబ్లీ ఫైలును తెరిచినప్పుడు తెరపై కనిపించే పంపు, మోటారు, బోల్టులు నిజానికి ఆ ఫైలులో ఉండవు. ఫలానా భాగం ఫలానా చోట ఉన్నది, దానిని తెచ్చి ఈ స్థానంలో కూర్చోబెట్టు అన్న చిరునామాలు మాత్రమే అందులో ఉంటాయి. ఒకే బోల్టు ఫైలును నలభై చోట్ల చూపవచ్చు. అందుకే భాగపు ఫైలుకు ఎవరైనా తోచినట్లు పేరు మార్చినా, వేరొక ఫోల్డరులోకి జరిపినా అసెంబ్లీ దానిని వెతుక్కోలేక నిలిచిపోతుంది. ఇల్లు మారి పోస్టాఫీసుకు చెప్పని వానికి ఉత్తరం అందనట్లే.

ఇది సాదా లింకు. దీనికి పై మెట్టు కొలతల లింకు. ఒక ఫైలులోని అంకె మరొక ఫైలులోని కొలతను నడిపిస్తుంది. ఆపై మెట్టు, ఒక భాగపు అంచును చూచి పక్క భాగంలో గీత గీయడం. కవరు ప్లేటులోని రంధ్రాలను గేరుబాక్సు రంధ్రాల నుండి నేరుగా తీసుకోవడం ఇట్టిదే. అన్నిటికన్నా బలమైనది ఉత్పన్న భాగం. మన డ్రాయింగు ఆఫీసులలో దీనినే డిరైవ్డ్ పార్ట్ అంటారు.

ఉత్పన్న భాగం

పోత పోసిన వాల్వు బాడీని తీసుకుందాం. ఫౌండ్రీకి కావలసిన రూపం వేరు, మెషిన్ షాపుకు కావలసిన రూపం వేరు. ఫౌండ్రీ రూపంలో చెక్కివేయవలసిన అదనపు మందం ఉంటుంది, రంధ్రాలు ఉండవు. మెషిన్ షాపు రూపంలో ముఖాలు చెక్కబడి, రంధ్రాలు తొలచబడి ఉంటాయి. రెండింటినీ విడివిడిగా గీస్తే కొంతకాలానికి ఒకదానికొకటి పొంతన లేకుండా పోవడం ఖాయం. కాబట్టి పోత నమూనాను మూలంగా పెట్టుకొని, దాని నుండి రెండవ నమూనాను పుట్టిస్తారు. పోతలో గోడ మందం పెంచితే చెక్కిన భాగంలోనూ పెరుగుతుంది. చెక్కిన భాగంలో రంధ్రం వేస్తే అది పోతకు వెళ్ళదు. ప్రవాహం ఎప్పుడూ ఒకే దిశలో సాగుతుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. ఒకటి, సామగ్రి జాబితాలో పోతనూ, చెక్కిన భాగాన్నీ రెండు వేర్వేరు వస్తువులుగా అసెంబ్లీలో లెక్కిస్తే బరువు రెట్టింపు కనిపిస్తుంది. రెండు, ఎడమ చేతి భాగం నుండి అద్దంలో ప్రతిబింబం వలె కుడి చేతి భాగాన్ని పుట్టించే సౌకర్యాన్ని చూచి చెక్కుకోవాలి గాని, గుడ్డిగా వాడరాదు. నిజమైన మరను నమూనాలో చెక్కి ఉంటే, ప్రతిబింబంలో అది ఎడమ మర అయిపోతుంది. చెక్కిన అక్షరాలు తలకిందులుగా కాకపోయినా వెనుకముందులౌతాయి. బజారులో కొనే బేరింగునూ, వాల్వునూ ప్రతిబింబింపజేస్తే అట్టి వస్తువు ఏ కంపెనీ క్యాటలాగులోనూ దొరకదు.

పుట్టించడమనేది ఒక్క యంత్రభాగానికే పరిమితం కాదు. సూరత్‌కు పొరుగున, 2007లో ఏర్పడిన తాపీ జిల్లాలో ఉన్న కాక్రాపార్ అణువిద్యుత్ కేంద్రాన్ని చూడండి. అక్కడి 3, 4 యూనిట్లు మన దేశంలో నిర్మింపబడిన మొదటి 700 మెగావాట్ల భారజల రియాక్టర్లు. మూడవ యూనిట్ 2023 జూన్‌లోనూ, నాలుగవది 2024 మార్చిలోనూ వాణిజ్య ఉత్పత్తి ప్రారంభించినవి. వీటి డిజైనుకు మూలం తారాపూర్‌లోని 540 మెగావాట్ల రియాక్టరు. 392 ఇంధన వాహికల అమరికను యథాతథంగా స్వీకరించి, వాహికల చివర శీతలకారి కొద్దిపాటిగా మరిగేందుకు అనుమతించడం ద్వారా అధిక శక్తిని రాబట్టినారు. ఏది మూలం నుండి తీసుకున్నాము, ఏది కొత్తగా చేర్చినాము అన్నది స్పష్టంగా చెప్పగలగడం మంచి ఉత్పన్నానికి లక్షణం. రియాక్టరుకైనా, చిన్న బ్రాకెట్టుకైనా ఈ సూత్రం ఒక్కటే.

ఒక మోటారు మారితే

విషయం అంకెలలో చూస్తే తేటపడుతుంది. ఒక పంపునూ, మోటారునూ ఒకే బేస్ ఫ్రేముపై బిగించవలసి ఉన్నదనుకొందాం. పంపు షాఫ్టు కేంద్రం ఫ్రేము పైముఖానికి 250 మి.మీ. ఎత్తున ఉన్నది. మోటారు 160ఎం సైజుది. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం సైజు అంకె మోటారు పాదం నుండి షాఫ్టు కేంద్రపు ఎత్తును సూచిస్తుంది, కావున ఎత్తు 160 మి.మీ. రెండు షాఫ్టులు ఒకే రేఖలో ఉండాలంటే మోటారు కింద 90 మి.మీ. పీఠం కావాలి. మోటారు పాదాల రంధ్రాల దూరం అడ్డంగా 254, పొడవునా 210 మి.మీ. షాఫ్టు వ్యాసం 42 మి.మీ.

కొంతకాలానికి ఎక్కువ శక్తి అవసరమై 180ఎం మోటారును ఎంపిక చేసినారు. ఎత్తు 180 మి.మీ. అయినది, పీఠం 70 మి.మీ.కు తగ్గవలెను. రంధ్రాల దూరాలు 279, 241 మి.మీ. షాఫ్టు వ్యాసం 48 మి.మీ. బేస్ ఫ్రేము రంధ్రాలు మోటారు నుండి, పీఠపు ఎత్తు కేంద్ర రేఖ నుండి లింకు ద్వారా వచ్చి ఉంటే, కొత్త మోటారును పెట్టి నమూనాను నవీకరించగానే అవన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి. చేతితో సరిదిద్దవలసిన పని తప్పుతుంది, మరపుకు తావుండదు. లింకు వలన లాభం ఇది.

కాని కప్లింగు సంగతేమిటి? మోటారు నుండి పాదాల రంధ్రాలను మాత్రమే తీసుకొని, షాఫ్టు వ్యాసాన్ని తీసుకోని పక్షంలో కప్లింగు రంధ్రం 42 మి.మీ. వద్దే ఉండిపోతుంది. తెరపై ఎక్కడా ఎర్ర గుర్తు రాదు. ఉన్న లింకులన్నీ సరిగానే ఉన్నవి గదా! లింకు మనం అడిగినదే తెస్తుంది. అడగనిదానిని గురించి అది మౌనం వహిస్తుంది. ఈ మౌనాన్ని సమ్మతిగా భావించరాదు.

ఇంతకన్నా లోతైన చిక్కు మరొకటి ఉన్నది. పాత మోటారుకు తగిన బేస్ ఫ్రేములు అప్పటికే తయారై, ఒక ప్లాంటులో బిగింపబడి నడుస్తున్నవనుకొందాం. కొత్త ప్లాంటు కోసం అదే ఫైలులో మోటారును మార్చినారు. లింకు జీవించి ఉన్నందున బేస్ ఫ్రేము నమూనా కూడా మారినది. పదేళ్ళ తరువాత పాత ప్లాంటులో ఫ్రేము తుప్పు పట్టగా, మెయింటెనెన్సు వారు పాత డ్రాయింగు నంబరును వెదకి ప్రింటు తీసినారు. కాగితంపై 279 అని ఉన్నది, ప్లాంటులోని మోటారుకు 254 కావాలి. ఫ్రేము కొత్తగా తయారై వస్తుంది, క్రేను ఎత్తుతుంది, బోల్టులు మాత్రం దిగవు. ఆ షట్‌డౌన్‌లో గడియారం చూచుకుంటూ నిలబడే ఫిట్టరుకు తప్పెక్కడ జరిగినదో తెలియదు. డిజైను కార్యాలయంలో ఎవరి లెక్కా తప్పలేదు. లింకు తన పని తాను చేసినది. దానిని ఆపవలసిన సమయంలో ఎవరూ ఆపలేదు, అంతే.

తెంచడమా, నిలపడమా?

అలాగని లింకులన్నిటినీ తెంచివేయడం పరిష్కారం కాదు. తెంచినవాడు చెప్పకపోతే తెగిన లింకు కూడా అబద్ధమే చెబుతుంది. మూలం మారినా ఉత్పన్నం పాత రూపంలోనే నిలిచి, చూచేవారికి తాజాగా ఉన్నట్లే కనిపిస్తుంది.

సాఫ్ట్‌వేరు తయారీదారులు ఈ రెండింటికీ మధ్యేమార్గం కల్పించినారు. సాలిడ్‌వర్క్స్‌లో బయటి ఆధారమున్న భాగం పేరు పక్కన బాణం గుర్తు కనిపిస్తుంది. బాణం వెంట ప్రశ్నార్థకం ఉంటే మూలం ప్రస్తుతం తెరచి లేదని, నక్షత్రం ఉంటే లింకు తాళం వేయబడినదని, అడ్డగీతల గుర్తు ఉంటే తెంచబడినదని అర్థం. ఇన్వెంటర్‌లో ఉత్పన్న భాగపు లింకును తాత్కాలికంగా నిలపవచ్చు, లేదా శాశ్వతంగా తెంచవచ్చు. తాళం వేసినదానిని తిరిగి తీయవచ్చు, తెంచినదానిని కలపడం అంత సులభం కాదు. కాబట్టి సందేహం ఉన్నచోట తాళమే మేలు.

లింకు దిశ కూడా ముఖ్యం. కవరు గేరుబాక్సును చూస్తుంది, గేరుబాక్సు ఫ్రేమును చూస్తుంది, ఫ్రేము తిరిగి కవరును చూస్తుంది అన్నప్పుడు కంప్యూటర్ చక్రంలో పడుతుంది. నవీకరించిన ప్రతిసారీ ఏదో ఒక కొలత కదులుతూనే ఉంటుంది. దీనికి మందు ఇరుగుపొరుగు లింకులను మాని, కేంద్ర రేఖలు, ముఖాలు, ప్రధాన కొలతలు మాత్రమే ఉన్న ఒక అస్థిపంజర నమూనాను పెట్టుకోవడం. భాగాలన్నీ దానినే చూడాలి, ఒకదానినొకటి చూడరాదు. అస్థిపంజరాన్ని మార్చే అధికారం ఒక్కరికే ఉండాలి.

హజీరా నుండి ఫ్రాన్సుకు

ఇట్టి క్రమశిక్షణ ఎంత పెద్ద ఎత్తున అవసరమౌతుందో తెలుసుకోవడానికి సూరత్ వాసులు దూరం వెళ్ళనక్కరలేదు. దక్షిణ ఫ్రాన్సులో నిర్మాణంలో ఉన్న ఇటర్ అనే అంతర్జాతీయ ఫ్యూజన్ రియాక్టరులో భారతదేశం సహా ఏడు సభ్యపక్షాలు పాల్గొంటున్నవి. ఆ యంత్రమంతటినీ తనలో ఇముడ్చుకొనే క్రయోస్టాట్ అనే మహాపాత్ర భారతదేశం వాటాగా వచ్చినది. దానిని హజీరాలోని లార్సెన్ అండ్ టూబ్రో కర్మాగారంలో తయారుచేసినారు. సుమారు 30 మీటర్ల ఎత్తు, 30 మీటర్ల వ్యాసం, దాదాపు 3,850 టన్నుల బరువు గల స్టెయిన్‌లెస్ స్టీలు నిర్మాణమది. ఒకే ముక్కగా ఓడనెక్కించే వీలు లేక, ఖండాలుగా చేసి పంపి అక్కడ వెల్డింగు చేసినారు. 1,250 టన్నుల పీఠభాగాన్ని 2020 మేలో రియాక్టరు గోతిలోకి దించినారు. పైమూత ఖండాలు 2020 జూన్ 30న హజీరాలో సాగనంపబడినవి.

ఈ పాత్ర గోడలో రెండు వందలకు పైగా ద్వారాలున్నవి. కొన్ని నాలుగు మీటర్ల వెడల్పు గలవి. చల్లబరచే గొట్టాలు, అయస్కాంతాల తీగలు, కొలత పరికరాలు వాటి గుండా వెళ్ళాలి. ఆ గొట్టాలను, పరికరాలను చేసేవారు వేర్వేరు దేశాలవారు. ఒక ద్వారం స్థానాన్ని ఒక్కరు తమంతట తాము జరిపితే, మరొక ఖండంలో మరొకరి భాగం పనికిరాకుండా పోతుంది. అందుకే ఇట్టి ప్రాజెక్టులలో ఇరు పక్షాలూ కలిసే ముఖం ఎవరి సొత్తో ముందే తేల్చి, దానిని స్తంభింపజేసిన తరువాతనే లోహాన్ని కోస్తారు.

ఆ ప్రాజెక్టే మరొక పాఠాన్ని కూడా నేర్పినది. రియాక్టరు లోపలి శూన్యపాత్రను తొమ్మిది ఖండాలుగా వేరొకచోట తయారుచేసినారు. వాటిని కలిపి వెల్డింగు చేయవలసిన అంచులు నమూనాలోని కొలతలకు తగినంత దగ్గరగా లేవని 2022లో ఇటర్ సంస్థ ప్రకటించినది. అప్పటికే గోతిలోకి దించిన మొదటి ఖండాన్ని 2023లో తిరిగి పైకి తీయవలసి వచ్చినది. అంచులకు అవసరమైన చోట లోహం చేర్చి, ఎక్కువైన చోట చెక్కి సరిదిద్దే పని చేపట్టినారు. తెరపై ఖండాలన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా కలుస్తాయి. లోహానికి ఆ లింకు లేదు. కాబట్టి తయారైన వస్తువును కొలిచి, ఆ కొలతలతో మరొక నమూనాను భద్రపరచవలసి ఉంటుంది. ఉండవలసిన రూపం ఒకటి, ఉన్న రూపం ఒకటి. రెండింటినీ ఒకే ఫైలులో కలిపివేయడం ప్రమాదకరం.

లింకులు తెగితే ఏమవుతుందో చెప్పడానికి ఎయిర్‌బస్ ఎ380 విమానం ప్రసిద్ధ ఉదాహరణ. ఒక్కో విమానంలో సుమారు 530 కిలోమీటర్ల తీగలు. జర్మనీ, స్పెయిన్ కార్యాలయాలు కాటియా సాఫ్ట్‌వేరు నాలుగవ తరాన్ని, ఫ్రాన్సు, బ్రిటన్ కార్యాలయాలు అయిదవ తరాన్ని వాడినవి. ఒకరి మార్పులు మరొకరి నమూనాలోకి సక్రమంగా చేరలేదు. హాంబర్గ్‌లో సిద్ధం చేసిన తీగల కట్టలు తులూజ్‌లో విమానానికి సరిపోలేదు. 2006లో బయటపడిన ఈ లోపం వలన విమానాల అప్పగింత సుమారు రెండేళ్ళు వెనుకబడినది. మొదటి విమానం 2007 అక్టోబరులో గాని సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కు అందలేదు.

పాటించదగిన కొన్ని నియమాలు

పై విషయాలను క్రోడీకరించి, మన విభాగాలలో అమలుపరచదగిన నియమాలను కింద పొందుపరచుచున్నాను.

1. లింకు పెట్టే ముందు మూలానికి యజమాని ఎవరో నిర్ణయించండి. యజమాని లేని మూలం నుండి ఏదీ తీసుకోకండి.

2. మూలం నుండి అవసరమైనవన్నీ తీసుకోండి, అనవసరమైనది ఒక్కటీ వద్దు. మోటారు ఉదాహరణలో పాదాల రంధ్రాలతో పాటు షాఫ్టు వ్యాసమూ అవసరమే.

3. డిజైను ఇంకా రూపు దిద్దుకుంటున్నంత కాలం లింకులను జీవించనివ్వండి. డ్రాయింగు విడుదలై లోహం కోయడానికి అనుమతి లభించిన రోజున తాళం వేయండి.

4. విడుదలైన భాగంలో మార్పు కావలసినప్పుడు తాళం తీసి అదే నంబరుపై సవరించవద్దు. పాతదానికి బదులుగా వాడరాని మార్పైతే కొత్త భాగం నంబరు ఇవ్వండి. పైన చెప్పిన 160, 180 సైజుల బేస్ ఫ్రేములు రెండు వేర్వేరు భాగాలు, ఒకే భాగపు రెండు రివిజన్లు కావు.

5. లింకు తెంచినప్పుడు ఎప్పుడు, ఏ రివిజన్ వద్ద, ఎందుకు తెంచినారో డ్రాయింగులోనే ఒక వాక్యం వ్రాయండి.

6. బయటి సంస్థకు నమూనాను పంపేటప్పుడు అసెంబ్లీ ఫైలు ఒక్కటే పంపితే చిరునామాలు మాత్రమే వెళతాయి. అది ఆధారపడిన ఫైళ్ళన్నిటినీ ఒకటిగా కట్టి పంపండి.

7. తయారైన వస్తువు కొలతలను విడిగా నమోదు చేయండి. విడుదలైన రోజునాటి డ్రాయింగును ఎవరూ మార్చలేని రూపంలో దాచి ఉంచండి.

ఈ నియమాలలో కంప్యూటర్ పరిజ్ఞానం కన్నా పని క్రమశిక్షణే ఎక్కువగా కనిపించడం సహజం. ట్రేసింగు కాగితంపై సిరా కలంతో డ్రాయింగులు గీసిన కాలంలో మార్పు చేయాలంటే బ్లేడుతో సిరాను గీకవలసి వచ్చేది. గీకిన మచ్చ కాగితంపై మిగిలేది. ఎవరు మార్చినారు, ఎప్పుడు మార్చినారు అన్నది పక్కనున్న రివిజన్ గడిలో సంతకంతో సహా ఉండేది. క్యాడ్ ఆ శ్రమను తొలగించినది, దానితో పాటు ఆ మచ్చనూ తొలగించినది. కాబట్టి పోయిన మచ్చకు బదులుగా మనమే బుద్ధిపూర్వకంగా ఒక గుర్తును మిగల్చాలి.

ప్రభుత్వరంగ సంస్థలలో యంత్రాలు ముప్పై, నలభై ఏళ్ళు పనిచేస్తాయి. వాటిని రూపొందించినవారు అంతకుముందే పదవీ విరమణ చేస్తారు. నేడు మన ఫైలును గీసినవారిని అడిగి తెలుసుకొనే అవకాశం అప్పటి ఉద్యోగికి ఉండదు. ఆ ఉద్యోగి ఈ పత్రికను ఇంట్లో చదువుతున్న మన పిల్లలలో ఒకరే కావచ్చు. రాత్రి షిఫ్టులో, ఆగిన పంపు పక్కన నిలబడి, మనం వదలివెళ్ళిన డ్రాయింగును విప్పిననాడు, అందులోని 254 అన్న అంకె ఎదుట ఉన్న ఇనుముతో సరిపోవాలి.